రాడ్లు కాల్చడానికే

ఉద్యోగంలో చేరిన మొదటిరోజే మీ చేతికి ఒక తాళంచెవి ఇస్తారు. ఐ.టి.ఐ.లో వెల్డర్ ట్రేడుకు ఇన్‌స్ట్రక్టరుగా వచ్చే ప్రతివాళ్లకూ ఇస్తారు. అది స్టోరు అల్మారాది. అందులో వెల్డింగ్ రాడ్లుంటాయి. సెట్టు ఆన్ చేసి రాడ్డును ఇనుముకు తాకిస్తే అది కరిగి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది, ఆ పనిలో తాను కాలిపోతుంది. పిల్లలు పని నేర్చుకోవాలంటే రాడ్లు కాలాలి. ఇంతకు మించిన రహస్యం మా వృత్తిలో లేదు. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి నాకు ఎన్నో ఏళ్లు పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

మాది లక్సెట్టిపేట. మా అవ్వ, అంటే మా అమ్మ, మిషన్ బోర్డింగులో చదువుకుంది. ఆమె అవ్వా బాపూ ఇతరుల పొలాల్లో నాట్లు వేసినవాళ్లు. ఎక్కడో సముద్రాల అవతల, ఆమె ముఖం ఎన్నడూ చూడని విశ్వాసులు చందా పంపితే ఆమెకు అక్షరాలు వచ్చాయి, పంతులమ్మ అయింది. ఆమె పంతులమ్మ అయింది గనుక నేను ఇన్‌స్ట్రక్టరునయ్యాను. చదువు మీద పెట్టింది ఖర్చా పెట్టుబడా అని పెద్దవాళ్లు సభల్లో వాదించుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. జవాబు మా ఇంట్లోనే పీట మీద కూర్చుని పళ్లెంలో బియ్యం ఏరుకుంటుండేది.

నేను పనిచేసిన సంస్థ పేరు రాయను. గోదావరి దగ్గరి ఒక చిన్న పట్నంలో ఉందనుకోండి. చాలు.

చాక్‌పీసు సారు

నేను చేరిన కొత్తలో మా ప్రిన్సిపాల్ ఒక పెద్దాయన. మనిషి మంచివాడు, భయస్థుడు. అంతకుముందు ఆయన పనిచేసిన చోట తనిఖీకి వచ్చిన అధికారి అల్మారా తెరిపిస్తే ఖాళీగా కనిపించిందట. సామాను అమ్ముకున్నారని నింద వేశారు. ఆయన అమ్ముకోలేదు, పిల్లలే కాల్చారు. కానీ కాలిపోయిన రాడ్డు సాక్ష్యం చెప్పదు కదా. అప్పటినుంచి ఆయనకు ఒకటే మాట: "ప్రభుదాసూ, అల్మారా నిండుగ ఉండాలె. అల్మారా నిండుగుంటే మనం బతికినట్టు."

నేను బతకడం నేర్చుకున్నాను. పిల్లల చేతికి రాడ్డు బదులు చాక్‌పీసు ఇచ్చాను. ఇనుప ప్లేటు మీద చాక్‌పీసుతో గీత గీయాలి. రాడ్డు ఎంత వాలులో పట్టాలో, ఎంత వేగంతో లాగాలో, చెయ్యి ఎక్కడ ఆపాలో అంతా చాక్‌పీసుతోనే. సెట్టు ఆన్ చేసేది నెలకు ఒకసారో రెండుసార్లో. అప్పుడు నేను కాలుస్తుంటే ఇరవై మంది నల్లద్దాలు పెట్టుకుని చుట్టూ నిలబడి చూసేవాళ్లు. వెనక నిలబడ్డవాడికి నా వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు.

పిల్లలు నన్ను చాక్‌పీసు సారు అనేవాళ్లు. నాకు తెలుసు. తెలిసి కూడా అది పొగడ్త అనుకున్నాను. పొదుపు మనిషిని, ప్రభుత్వ సొమ్మును పైలంగా చూసేవాణ్ణి అనుకున్నాను. ఆదివారం మా చర్చి సంఘంలో సండే స్కూలు పిల్లలకు తలాంతుల కథ చెప్పేవాణ్ణి. యజమాని ఇచ్చినదాన్ని గుంత తవ్వి దాచిపెట్టి, చివరికి చీవాట్లు తిన్న దాసుడి కథ. ఎంత బాగా చెప్పేవాణ్ణంటే, ఆ దాసుణ్ణి తిట్టేటప్పుడు పిల్లలు కూడా నాతో కలిసి తిట్టేవాళ్లు. సోమవారం పొద్దున్నే వచ్చి అల్మారాకు తాళం వేసేవాణ్ణి.

ఒక వానాకాలం తర్వాత ఏదో అవసరానికి అడుగున ఉన్న ప్యాకెట్టు తీశాను. రాడ్డు పట్టుకుంటే పైపూత గోడ సున్నంలా చేతిలో రాలిపోయింది. తేమ పట్టిన రాడ్డు అతకదు. అతికినట్టు కనిపించినా లోపల బుడగలు, పగుళ్లు ఉంటాయి. నేను దాచిందంతా అల్మారాలోనే చచ్చిపోయింది. ఆ ప్యాకెట్టును తిరిగి అక్కడే పెట్టి తాళం వేశాను. అవును, అక్కడే పెట్టాను. అల్మారా నిండుగా ఉండాలి కదా.

రాజమల్లు

మూడో బ్యాచీలో చెన్నూరు వైపు నుంచి రాజమల్లు అనే కుర్రాడు ఉండేవాడు. చెయ్యి వణకదు, కన్ను చెదరదు. చాక్‌పీసు గీత గీస్తే స్కేలు పెట్టినట్టుండేది. ఫస్టు వచ్చాడు. సర్టిఫికెట్టు చేతికిస్తూ, నీకు గల్ఫులో తిరుగులేదని చెప్పింది నేనే. ఇంట్లో ఉన్న ఎద్దుల జత అమ్మి వీసా తీసుకుని పోయాడు. ఆ తర్వాత నేను అతణ్ణి మర్చిపోయాను.

పన్నెండేళ్ల తర్వాత ఒకరోజు లక్సెట్టిపేట బస్టాండులో ఎవరో నా ముందుకొచ్చి నిలబడ్డారు. ముఖం నల్లబడి, భుజాలు ఒకవైపుకు వంగి ఉన్నాయి. "గుర్తువట్టిండ్రా సార్?" అన్నాడు. గుర్తుపట్టినట్టు నటించాను. పేరు చెప్పాక నిజంగానే గుర్తొచ్చింది. ఏం పనిచేస్తున్నావు, మంచి వెల్డరువయ్యావా అని అడిగాను.

అతను నవ్వాడు. కంపెనీలో దిగిన రెండోరోజే ఫోర్‌మన్ చేతికి హోల్డరు ఇచ్చి పైపు చూపించాడట. రాడ్డు తాకించగానే అంటుకుపోయింది. పీకితే మళ్లీ అంటుకుంది. మూడోసారికి ఫోర్‌మన్ హోల్డరు లాక్కున్నాడు. రాజమల్లును హెల్పరుగా రాసుకున్నారు. పన్నెండేళ్లు అసలైన వెల్డర్ల వెనక సామాను మోశాడు.

"మీరు మంచిగనే నేర్పిండ్రు సార్," అన్నాడు. "ఆడ చాక్‌పీసు లేకపాయె, గంతే. ఉంటే గీద్దును."

చుట్టుపక్కల ఉన్నవాళ్లు నవ్వారు. రాజమల్లు నవ్వలేదు. బస్సు ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ప్రార్థనకు మోకరించాను. క్షమించమని అడగాల్సింది దేవుణ్ణి ఒక్కణ్ణే కాదని తెలుసు. మర్నాడు పోయి అల్మారా తెరిచి, పూత రాలిన ప్యాకెట్లన్నీ బయట పారేశాను. మంచివన్నీ పిల్లల చేతికిచ్చాను. ఆ ఏడాది మూడు నెలల్లోనే రాడ్లు అయిపోయాయి. గ్రిల్లు షాపుల చుట్టూ, లారీ బాడీలు కట్టే షెడ్ల చుట్టూ తిరిగి మిగులు రాడ్లు, పాత ప్లేట్లు అడుక్కొచ్చాను. మా సంఘంలో ఒకాయన బొగ్గుబావుల వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఆయన ఇనుము తుక్కు ఇప్పించాడు. నాకు మెమోలు వచ్చాయి. వాటి గురించి రాయను, అవి రాయదగినవి కావు. పిల్లలు మాత్రం కాల్చారు.

మీకొక మాట చెప్పాలి. పొదుపుకూ పిసినారితనానికీ తేడా చాలామంది పై అధికారులకు తెలియదు. పేదపిల్ల చేతిలో కాలిన రాడ్డు వాళ్ల లెక్కలో వృథా. అల్మారాలో తేమ పట్టిన రాడ్డు వాళ్ల లెక్కలో భద్రం. ఈ లెక్కను ఒప్పుకున్నంతకాలం మన పిల్లలు ఎక్కడికి పోయినా మోసేవాళ్లుగానే మిగులుతారు. అది వాళ్ల తలరాత అని ఎవరైనా మీతో అంటే, ఆ రాత రాసింది మనమేనని చెప్పండి.

"మీకాడనా?"

నా సర్వీసు ఇక ఏడాదిన్నరే ఉందనగా ఒక ఆడపిల్ల వెల్డర్ ట్రేడుకు దరఖాస్తు పెట్టింది. పేరు శిరీష. మా వర్క్‌షాపు హాల్లో అంతవరకు ఆడపిల్ల అడుగుపెట్టలేదు. అప్పటి ప్రిన్సిపాల్ కొత్తాయన, చురుకైనవాడు, ఏ పనిచేసినా ఫోటో తీయించుకునేవాడు. కుట్టుపని ట్రేడులో సీట్లు ఖాళీగా ఉన్నాయి కదా అని ఆ పిల్లకు నచ్చజెప్పబోయాడు. ఆమె తల ఎత్తకుండానే, "మా ఇంట్ల అందరికి బట్టలున్నయి సార్," అంది.

సీటు ఇచ్చారు. మర్నాడు ఆమె తండ్రి నేరుగా నా హాల్లోకి వచ్చాడు. చూస్తే రాజమల్లు.

"మీకాడనా?" అన్నాడు నన్ను చూసి. కూతురి వైపు తిరిగి, "గీ సార్ కాడనా నువ్వు నేర్చుకునేది?" అన్నాడు. ఆమెకు మా కథ తెలియదు. ఎందుకు బాపూ అని అడిగింది. అతను నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "సార్, నా బతుకు వొడిసింది. దాని గురించి లడాయి పెట్టుకోను. కని నా బిడ్డ చేతిల చాక్‌పీసు వెడితే ఊకోను. మీరు ముసలోళ్లని సుత సూడను."

నేను ఒక రాడ్డు తీసి శిరీష చేతికిచ్చాను. సెట్టు ఆన్ చేశాను. రాజమల్లు గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. రాడ్డు అంటుకుపోయింది. పీకింది. మళ్లీ అంటుకుంది. ఏడోసారో ఎనిమిదోసారో వెలుగు నిలిచింది. అతను కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు. వెలుగుకే అనుకున్నాను.

తాళం

శిరీష కోర్సు ముగింపుకు వస్తుండగా ఒక కబురు వచ్చింది. జర్మనీ నుంచి ఒక కంపెనీ మనిషి వస్తున్నాడు. మా జిల్లాల ఐ.టి.ఐ.లలో పైపు వెల్డర్లకు పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లకు వాళ్ల భాష నేర్పించి తీసుకుపోతారు. అక్కడి పనివాడికి ఇచ్చే జీతమే వీళ్లకూ ఇస్తారట. మా దగ్గర నలుగురు పేర్లిచ్చారు, శిరీష ఒకతె.

ఆ పరీక్ష మామూలుది కాదు. పైపును నలభై అయిదు డిగ్రీల వాలులో బిగిస్తారు. దాన్ని తిప్పకూడదు. వెల్డరే దాని చుట్టూ తిరిగి, కింద పడుకుని, మీదికి వంగి అతికించాలి. తర్వాత ఆ అతుకును పట్టీలుగా కోసి మెషీన్లో పెట్టి గుర్రపు లాడంలా వంచుతారు. పగులు విచ్చుకుంటే ఇంటికే. చేయి తిరగడానికి నెలల తరబడి కాల్చాలి. మాకున్నది మూడు వారాలు.

అప్పటికి స్టోరు తాళంచెవి నా దగ్గర లేదు. నేను రాడ్లు తగలేస్తున్నానని ప్రిన్సిపాల్ దాన్ని తన గదిలోకి మార్పించుకున్నాడు. పరీక్షకు సరిపడే రకం రాడ్లు, పైపు ముక్కలు స్టోరులోనే ఉన్నాయి. అడగడానికి పోయాను.

"అతిథులు పోయేదాంక ఎవరు ముట్టద్దు," అన్నాడు. "వాళ్లు స్టోరు చూస్తరు. నిండుగ కనవడాలె. మన సంస్థ ఇజ్జత్ అది."

"పిల్లలు ఫేలైతే ఇజ్జత్ ఉంటదా?"

"పిల్లలు ఏడాదికి వందమంది వస్తరు పోతరు ప్రభుదాసు గారు. మీరు ఇంక కొన్ని నెలలల్ల రిటైర్ అవుతుండ్రు. ఎందుకు పరేషాన్ అయితరు?"

ముప్పై ఏళ్ల నాటి నా సొంత గొంతే నాతో మాట్లాడుతున్నట్టనిపించింది. నాకు కోపం వచ్చింది ఆయన ఒక్కడి మీదే కాదు.

ఆ ఆదివారం మా పాస్టరుగారిని కలిశాను. పై అధికారికి లోబడాలని వాక్యం ఉంది కదా అన్నాడాయన. ఉంది. నేనూ చదివాను. అయితే ఆకలితో ఉన్న దావీదు ఆలయంలో సముఖపు రొట్టెలు తీసుకుని తన మనుషులకు పెట్టాడని కూడా ఉంది. అవి యాజకులు తప్ప ఎవరూ తినకూడనివి, దేవుని ఎదుట ఉంచినవి. యేసు ప్రభువు దావీదును తప్పుపట్టలేదు సరికదా, తనను తప్పుపట్టినవాళ్లకు ఆ సంగతే గుర్తుచేశాడు. దేవుని ఎదుట పెట్టినదానికే ఆకలి ముందు మినహాయింపు ఉంటే, ప్రిన్సిపాల్ ఎదుట పెట్టినదానికి ఉండదా? పాస్టరుగారు "ప్రార్థన చేసి చెయ్యి బ్రదర్," అన్నాడు. ప్రార్థన చేశాను, తర్వాత పనీ చేశాను.

సోమవారం ఉదయం పదిన్నరకు, పిల్లలందరి ముందు, హాక్సా బ్లేడుతో స్టోరు తాళం కోశాను. చాటుగా చేస్తే దొంగతనమయ్యేది. కోసిన తాళాన్ని తీసుకుపోయి ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టి, కోసింది నేనేనని చెప్పాను. ఆయన నా మీద పైకి రాస్తానన్నాడు. రాయమన్నాను.

బేకరీ

ఇక్కడ నా రెండో తప్పు చెప్పాలి. రాడ్లు చేతికి రాగానే నలుగురితో కాల్పించడం మొదలుపెట్టాను. వారం తర్వాత శిరీష చేసిన అతుకును కోసి వంచితే మధ్యలో విచ్చుకుంది. మళ్లీ చేసింది. మళ్లీ విచ్చుకుంది. తప్పు చేతిదేనని నేనన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రం కూతుర్ని తీసుకుపోవడానికి రాజమల్లు వచ్చాడు. విరిగిన పట్టీని చేతిలోకి తీసుకుని, పగులును వెలుతురుకు పెట్టి చూశాడు.

"రాడ్లు కాల్చిండ్రా సార్?"

"కాల్చకుండ ఎట్లొస్తదయ్యా అతుకు?"

"గట్ల గాదు. ముంగట ఓవెన్ల పెట్టి కాల్చిండ్రా అంటున్న. గీ రకం రాడ్డు తేమ తాగుతది. ఆడ మేం ఓవెన్ల పెట్టి, మంచిగ ఎండినంక వేడి డబ్బల ఏసుకొని వెల్డరు పక్కపొంటి నిలవడుతుంటిమి. ఒక్కొక్కటి వేడివేడిది అందియ్యాలె. సల్లగైతే ఫోర్‌మన్ మమ్ముల తిడుతుండె." పట్టీని నా చేతిలో పెట్టి అన్నాడు, "పన్నెండేండ్లు నేను మోసింది గా డబ్బనే సార్."

రాడ్లు ఆరబెట్టాలని పుస్తకంలో చదివి పిల్లలకు అప్పజెప్పించిన మాట నిజమే. చాక్‌పీసుతో బోర్డు మీద కూడా రాశాను. మా సంస్థకు ఓవెన్ ఎన్నడూ రాలేదు గనుక ఒక్కసారీ చేయలేదు. హెల్పరుగా మోసినవాడికి తెలిసింది ఇన్‌స్ట్రక్టరుగా నేర్పినవాడికి తెలియలేదు. ఆ హాల్లో అందరి ముందు అతని చేతులు పట్టుకుని తప్పయిందన్నాను. ఆరోజుది, అంతకుముందుదీ. "ఇడిసిపెట్టుండ్రి సార్," అన్నాడు. "ముంగట ఓవెన్ సంగతి సూడుండ్రి."

ఓవెన్ ఎక్కడుంది? రాజమల్లే అన్నాడు, బేకరీలో ఉంది కదా అని. బస్టాండు పక్కన బేకరీ ఆయన దగ్గరికి పోయాం. బన్నులు తీశాక ఓవెన్లో మిగిలే వేడిలో మా రాడ్లు పెట్టనివ్వమని అడిగాం. ఆయన ఒక రాడ్డు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గివి తిన్నోడు బతుకుతడా సార్?"

"ఇవి తినేది ఇనుము," అన్నాను.

వేరే ట్రే తెచ్చుకోవాలని ఒక్క షరతు పెట్టి ఒప్పుకున్నాడు. ఆ రెండు వారాలు రోజూ పొద్దున్నే బన్నుల వాసన మధ్య మా రాడ్లు ఎండాయి. రాజమల్లు ఒక పాత నూనె డబ్బాకు గోనెసంచి చుట్టి, లోపల బల్బు బిగించి వేడి నిలిచే డబ్బా చేశాడు. బేకరీ నుంచి హాలుకు అందులోనే మోసుకొచ్చేవాడు. మూడోరోజు శిరీష పట్టీ వంగింది, విచ్చుకోలేదు.

చెత్త బకెట్టు

ఒక సంగతి దాచను. ఉన్న రాడ్లు నలుగురికి చాలలేదు. సమానంగా పంచితే నలుగురూ సగం నేర్చుకుంటారు. బాగా చేస్తున్న ఇద్దరికి ఎక్కువిచ్చాను, మిగతా ఇద్దరికి తక్కువిచ్చాను. ఆ ఇద్దరూ తక్కువ తెలివైనవాళ్లు కారు, తక్కువ కాల్చినవాళ్లు, అంతే. దీన్ని నేను ఇప్పటికీ న్యాయం అనలేను. స్టోరు ఇంకొంచెం పెద్దదై ఉంటే నేను ఎంచుకోవాల్సి వచ్చేది కాదు. మెరిట్ అని మనం అంటున్నదానిలో చాలావరకు ఎవరికి ఎన్ని రాడ్లు అందాయన్నదే.

పరీక్షరోజు జర్మనీ పెద్దమనిషి వచ్చాడు. అరవై దాటినవాడు, తెల్ల జుట్టు, చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు. ఆ మచ్చలు చూడగానే ఈయన మనవాడే అనుకున్నాను. పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన దుబాసీ అమ్మాయి ఉంది. ప్రిన్సిపాల్ పూలదండ వేసి హాలంతా తిప్పాడు, స్టోరు వైపు మాత్రం తీసుకుపోలేదు. ఆయన తనే అటు నడిచాడు. అల్మారా తలుపులు తెరిచే ఉన్నాయి, అరలు బోసిగా ఉన్నాయి. ప్రిన్సిపాల్ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

పెద్దమనిషి అల్మారాను పట్టించుకోలేదు. వంగి, మూలనున్న చెత్త బకెట్టు లాగాడు. దాని నిండా కాలిన రాడ్ల మొండి చివరలు. చెయ్యి పెట్టి కలిపాడు, ఒకటి తీసి ఎంత పొట్టిగా కాల్చారో చూశాడు. ఏదో అన్నాడు. దుబాసీ అమ్మాయి చెప్పింది: "ఇప్పటిదాకా తాను చూసిన చోట్ల అల్మారాలు నిండుగా, బకెట్లు ఖాళీగా ఉన్నాయట. నిండిన బకెట్టు ఇక్కడే చూశానంటున్నారు."

ప్రిన్సిపాల్ వెంటనే ముందుకొచ్చి, మా సంస్థలో మొదటినుంచీ ప్రాక్టికల్‌కే ప్రాముఖ్యం అన్నాడు. నేను ఊరుకున్నాను. కొన్ని అబద్ధాలు నిజం కావాలని కోరుకోవడం తప్పుకాదు.

శిరీష పైపు కింద పడుకుంది. ఆమె పక్కన సంచి చుట్టిన డబ్బా పట్టుకుని రాజమల్లు మోకాళ్ల మీద కూర్చున్నాడు. హెల్పరును పెట్టుకోవచ్చా అని అడిగితే పెద్దమనిషి సరేనన్నాడు. ఆమె చెయ్యి చాపినప్పుడల్లా అతను ఒక వేడి రాడ్డు పెట్టాడు. పన్నెండేళ్లు పరాయివాళ్లకు అందించిన చెయ్యి ఆరోజు సొంత బిడ్డకు అందించింది. పని అయ్యాక ఆమె నల్లద్దం తీసి, "బాపూ, ఒక్కటి సుత సల్లగలేదు," అంది.

పట్టీలు కోశారు. మెషీన్ మెల్లగా నొక్కింది. మొదటి పట్టీ గుర్రపు లాడమైంది. రెండోది. మూడోది. నాలుగోదాన్ని పెద్దమనిషి వేలితో తడిమి, భూతద్దం పెట్టి చూసి, శిరీష చేతిలో పెట్టాడు. నలుగురిలో ఇద్దరు నెగ్గారు. ఏ ఇద్దరో మీకు తెలుసు.

పెద్దమనిషిని అడిగింది

టీ తాగేటప్పుడు ఆయన వాళ్ల దేశం సంగతి చెప్పాడు. అక్కడ చదువుకునే పిల్లవాడు వారంలో కొన్ని రోజులు ఫ్యాక్టరీలో, కొన్ని రోజులు బడిలో ఉంటాడట. కంపెనీయే నేర్పుతుంది, నేర్చుకునేటప్పుడు కూడా జీతమిస్తుంది. తానూ ఒక కూలివాడి కొడుకునని, అలాగే నేర్చుకున్నానని చెప్పాడు. ఇప్పుడు అక్కడ పిల్లలు తక్కువైపోయారు, అందుకే ఇంతదూరం వచ్చామన్నాడు. చదువు మీద పెట్టుబడి పెట్టడం వల్లే యూరప్ నిలబడిందని, అది బలమూ అవుతుంది న్యాయమూ అవుతుందని అన్నాడు.

నాకు ఆ మాట నచ్చింది. అందుకే ఊరుకోలేకపోయాను. దుబాసీ అమ్మాయితో చెప్పమన్నాను: "మీ పిల్లల మీద మీరు పెట్టిండ్రు, మంచిది. ఈ పిల్ల మీద పెట్టింది మేము. ఈ హాలు, ఈ కరెంటు, బేకరీ ఆయన ఓవెను, ఈమె బాపు పన్నెండేండ్లు. తయారైన చెయ్యిని మీరు తీస్కపోతుండ్రు. పోనియ్యుండ్రి, ఆమెకు మంచి బతుకు కావాలె. కని ఒక్క పక్కనుంచే పెట్టుబడైతే దాన్ని న్యాయం అనద్దు. తీస్కపోయేటోళ్లు మల్ల వచ్చే బ్యాచికి ఏమిస్తరు?"

ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయింది. అతిథిని అలా అడుగుతారా అన్నట్టు నా మోచెయ్యి పట్టుకున్నాడు. అడుగుతారు. మా అవ్వ చదువుకు చందా పంపినవాళ్లు దానం చేశారు, వాళ్లకు దేవుడు ప్రతిఫలమిస్తాడు. వీళ్లది దానం కాదు, వ్యాపారం. వ్యాపారంలో అడగకపోవడం వినయం కాదు. పెద్దమనిషి అంతా విని, ఏం కావాలని అడిగాడు. రాడ్లు ఎండబెట్టే ఓవెన్, ఏటా పైపులు అన్నాను. రాసుకున్నాడు.

ఇలా అడగడం చూసి కొందరు నన్ను గర్విష్ఠి అన్నారు. మన డబ్బుతో చదివి పిల్లలు బయటికి పోతే మనకేం లాభమని ఇంకొందరు అన్నారు. వాళ్లందరికీ ఒకటే జవాబు. చదువురాని కూలీగా పంపినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. రాజమల్లు మోయడానికి పోతే చప్పుడు లేదు, శిరీష అతకడానికి పోతుంటే లెక్కలు తీస్తున్నారు.

ఓవెన్

నాకు రిటైర్మెంటు నెలలోనే ఛార్జిమెమో వచ్చింది. శాలువా కూడా వచ్చింది. రెండూ ఒకే చేతుల మీదుగా. శిరీష భాష నేర్చుకోవడానికి హైదరాబాదు పోయింది, కొన్ని నెలలకు విమానం ఎక్కింది. పోయేముందు ఆ నాలుగో పట్టీని నాకిచ్చింది. మా సంఘంలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నప్పుడు దాన్ని ఎత్తి చూపించాను. ప్రార్థన కూడికలో ఇనుప ముక్క ఎత్తి చూపినవాణ్ణి బహుశా నేనే మొదటివాణ్ణి.

ఆ తర్వాత ఒకరోజు రాజమల్లు ఫోన్ చేశాడు. కొత్త బ్యాచీని చూద్దామని సంస్థకు పోయాడట. జర్మనీ నుంచి ఓవెన్ వచ్చి రెండు నెలలైందట. చెక్కపెట్టెలో పైపులు కూడా వచ్చాయట. ఓవెన్‌ను ప్రిన్సిపాల్ గదిలో టేబుల్ మీద పెట్టి, మీద పూల గుడ్డ కప్పారట. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే గుడ్డ తీసి చూపిస్తున్నారట. హాల్లో కొత్త బ్యాచీ పిల్లలు తడి రాడ్లతోనే కాలుస్తున్నారు.

మర్నాడు పొద్దున అక్కడికి బస్సెక్కాను. రాజమల్లు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇద్దరం హాల్లోకి పోయి పిల్లల్ని పిలిచాం. ఆరుగురు వచ్చారు, అందులో ఇద్దరు ఆడపిల్లలు. అందరం కలిసి ప్రిన్సిపాల్ గదిలోకి నడిచాం. నేను పూలగుడ్డ తీసి మడత పెట్టి ఆయన కుర్చీ మీద వేశాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "మీరు రిటైర్ అయిండ్రు కద ప్రభుదాసు గారు," అన్నాడు.

"అందుకే వచ్చిన," అన్నాను.

ఓవెన్ బరువుగానే ఉంది. రాజమల్లు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. నా నడుం మధ్యలో మొరాయించింది. "ఇడువుండ్రి సార్, మోసుడు నాకలవాటే," అని అతను నా వైపు కూడా తీసుకోబోయాడు. నేను వదల్లేదు. వరండా దాటి, హాల్లోకి తెచ్చి, గోడ పక్కన దించి ప్లగ్గు పెట్టాం. ఎర్ర బల్బు వెలిగింది. ఒక ఆడపిల్ల కొత్త ప్యాకెట్టు చింపింది.